చవుక చిత్రిక: దాని యోగ్యతానిర్ణయము
(మహాసభయందు చేసిన ఉపన్యాసము)



ఇట్టి మహాసభయందు విద్యను గూర్చియో ఐకమత్యమును గూర్చియో ప్రసంగింపక, వడ్రంగి చేతి చిత్రికను గూర్చి ప్రసంగింప మేము పూనుకొనుట కొందఱకు వింతగా తోచవచ్చును. కాని దాతలు మన యువకులకు పనిముట్లు దానము చేయుట మనలో కలదు. ఆ పనిముట్లలో బాడిస, ఉలి, రంపము అనువాని మంచిచెడ్డలు చూచినంతనే కొంత తెలియును. చిత్రిక అట్టిది కాదు. రంగు పూసి మెఱుగుపెట్టిన చిత్రికలు అంగడిలో అన్నియు నొక్కటిగానే కానవచ్చును. కావున స్వల్పమూల్యమునకు దొరకువానిలో గ్రాహ్యమేది, త్యాజ్యమేది యను విషయమును మాకు తెలిసినంతవఱకు మనవి చేసెదము.

కొన్ని సంవత్సరముల క్రిందట ఒక యువకుడు తనకు దానముగా వచ్చిన ఇనుపచిత్రికను మాయొద్దకు తెచ్చి, "బాబాయిగారూ, ఈ పని నా చేతికి పట్టుబడదు, నేను వేఱు పని చూచుకొనెదను" అని కన్నీరు పెట్టుకొనెను. మేము దాని బ్లేడును నూరి టేకుపలకపై తోసి చూచితిమి. పది తోపులకే అంచు మడిగిపోయెను. ఆ ఇనుమునకు పదను లేదు. ఆఱు మాసములు ఆ బిడ్డ తన చేతిని తాను నిందించుకొనెను. దోషము చేతిది కాదు, బ్లేడుది. నేర్చిన పనివాడు చెడ్డ పనిముట్టును గుర్తించి పాఱవేయును. నేర్చుకొనువాడు దానిని గుర్తింపలేక తన్ను తానే పాఱవేసికొనును. మేము ఈ విషయమును సభలో ఎత్తుకొనుటకు ఇదియే కారణము.

మన తాతలు వాడిన చిత్రికకు ఒడలు గట్టికఱ్ఱ. దానిని వడ్రంగి తానే మలచుకొనెడివాడు. బ్లేడును కమ్మరి సోదరుడు కాచి పదను పెట్టెడివాడు. చెడిన యెడల ఎవరిని అడుగవలెనో తెలిసియుండెడిది. నేడు అంగళ్లలో హెచ్చుగా దొరకు ఇనుపచిత్రిక అమెరికా దేశస్థుడైన లెనర్డ్ బెయిలీ కల్పించిన మాదిరి. ఆతని హక్కులను స్టాన్లీ కంపెనీవారు 1869వ సంవత్సరమున కొనిరి. ఆ హక్కుల గడువు తీరిన పిమ్మట మన దేశముతో సహా అనేక దేశములవారు అదే మాదిరిని పోతపోసి అమ్ముచున్నారు. కనుక రూపమొక్కటియే; గుణము మాత్రము చేసినవాని శ్రద్ధను బట్టి యుండును.

కొనునపుడు చూడవలసినవి నాలుగు. మొదటిది బ్లేడు. మన టేకులో ఇసుకవంటి పదార్థము కలదు. అది వాడిని త్వరగా హరించును. కావున పదను లేని బ్లేడు మనకు బొత్తిగా పనికిరాదు. అంగడివాని అనుమతితో, అంచునకు దగ్గఱగా బ్లేడు మూలను ఆకురాతితో మెల్లగా గీచి చూడవలెను. ఆకురాయి జాఱిన పదను కలదు. సులభముగా కఱచిన లేదు.

రెండవది అడుగు. బ్లేడును లోనికి తీసి, బిగింపు మాత్రము వదలక, అడుగుపై తిన్నని ఉక్కుబద్దను నిలిపి వెలుతురునకు ఎదురుగా పట్టవలెను. ముందుకొన, నోటి ముందరి అంచు, వెనుకకొన ఈ మూడును బద్దకు తగిలిన చాలును. నడుమ కొంచెము లోతున్నను భయము లేదు. నోటియొద్ద లోతున్న యెడల సన్నని పొర రాదు. అడుగు మెలిపడిన యెడల పలక తిన్నగా రాదు.

మూడవది బ్లేడు ఆనియుండు పీఠము. అది ఊగరాదు. బ్లేడు దానిపై పూర్తిగా ఆననిచో చిత్రిక అదరి, పలకపై గీఱలు పడును.

నాలుగవది బ్లేడు వీపున మరతో బిగించు పైరేకు. దాని కొన బ్లేడునకు సందులేకుండ అంటవలెను. సందున్న యెడల పొట్టు అందు ఇఱుకుకొనును. పోగు ఎదురైన చోట పీచు లేవకుండ ఆపునది ఈ రేకే. సన్నపనికి దానిని అంచునకు అర మిల్లీమీటరు దూరమున, లేక అంతకు తక్కువగా బిగింపవలెను.

పిడి మోటుగా నుండుట, రంగు పెచ్చులూడుట, మరచక్రము కొంచెము వదులుగా తిరుగుట దోషములు కావు. వానికై అధికధనమీయ నక్కఱలేదు. అంగడినుండి వచ్చిన బ్లేడు కోయకుండుటయు దోషము కాదు. ఎంత మంచి చిత్రికనైనను నూరియే వాడవలెను.

ఇక వెల మాట. ఎనిమిదివందల రూపాయల చిత్రిక ఒకటి, రెండువేల రూపాయలది ఒకటి ఉన్నవనుకొందము. మొదటిదాని అడుగును గాజుపలకపై గరుకుకాగితముతో రాచి సరిచేయుటకు రెండు దినములు పట్టెననుకొందము. పనివాని దినకూలి ఎనిమిదివందలైనచో ఆ చిత్రిక వెల ఎనిమిదివందలు కాదు, రెండువేల నాలుగువందలు. అడుగును ఒక పూటలో సరిచేయగలిగిన యెడల మాత్రము అదియే లాభము. బ్లేడు చెడ్డదైనచో మంచి బ్లేడును విడిగా కొనవచ్చును. దాని వెలనుగూడ లెక్కలో చేర్చవలెను. ఒడలు పగిలినచో ఏ వెలకును కొనరాదు. పాతచిత్రికలయందు ఈ జాగ్రత్త మఱింత అవసరము. పైతుప్పు పోవును గాని, బ్లేడు అంచున పడిన తుప్పుగుంటలు అంచును నిలువనీయవు. నోటి మూలలయందు సన్నని పగులు కలదేమో తప్పక చూడవలెను.

ఒక్క చిత్రికయే కొనగలవానికి సుమారు పదునాలుగు అంగుళముల పొడవుగల అయిదవ నంబరు చిత్రికను మేము సూచింతుము. అది మోటుపనికిని, పలక తిన్నగా చేయుటకును గూడ ఉపకరించును.

పోషకమహాశయులకు మా విన్నపములు మూడు. దానము చేయు ప్రతి చిత్రికను అనుభవజ్ఞుడైన వడ్రంగి ముందుగా నూరి, టేకుపలకపై తోసి, పొట్టు చూచిన పిమ్మటనే ఈయవలెను. ఉన్న ధనమునకు నూఱు చెడ్డవి వచ్చునను ఆశ విడిచి, నలువది మంచివి కొనవలెను. చిత్రికతోపాటు ఒక సానరాయిని, దానిపై నూరుట నేర్పు ఒక పూట కాలమును గూడ దానము చేయవలెను.

విద్యుచ్చక్తితో నడచు చిత్రికలు వచ్చిన ఈ దినములందు చేతిచిత్రిక ఏల యని అడుగువారు కలరు. తలుపు ద్వారబంధమునకు ఒదుగునట్లు చివర తీయవలసిన వెండ్రుకవాసి పొరకు ఇప్పటికిని చేయే ఆధారము. ఆ చేతిలో మనము పెట్టు పనిముట్టు దానిని నిలబెట్టునదిగా ఉండవలెనుగాని, అవమానపఱచునది కారాదు. దాతలు ఈ మాటను మనస్సున నుంచుకొందురుగాక యని ప్రార్థించుచు సెలవు గైకొనుచున్నాము.