ముదిమిలో మన గది మనకు నిలుచుటెట్లు?

(సంఘ సభలో చేసిన ప్రసంగ పాఠము)



ముదిమిలో ఎక్కడ ఉందురని మనవారి నడిగినచో, అనేకులు "ఊరికి పోయెదము" అందురు. ఆ ఊరు నిజామాబాదు కావచ్చును, కరీంనగరు కావచ్చును, పాలమూరు కావచ్చును. అక్కడ మనలను పేరు పెట్టి పిలుచువారు ఇప్పుడెందరు? పదునెనిమిదవ శతాబ్దము చివరినుండి నిజాం రాజ్యమును విడిచి వచ్చి, ఈ నగరమున రాళ్లు మోసి గోడలు కట్టిన కామాఠీల పేరనే మన కామాఠిపుర ఏర్పడినది. మన తాతలు కన్నుమూసినది ఈ గల్లీలలోనే. గ్రాంట్ రోడ్ స్టేషను, జె.జె., నాయర్ ఆసుపత్రులు మనకు దగ్గర. తలుపు తట్టిన పలుకు పొరుగు ఉన్నది. ఇంతకంటె ముసలివారికి కావలసినదేమి?

అయితే ఈ గది మన సొత్తు కాదు. పగడీ ఇచ్చితిమి, మూడు తరములుగా అద్దె కట్టుచున్నాము, కనుక మనదే యనుకొనుచున్నాము. చట్టము దృష్టిలో మనము అద్దెదారులము. 1947 నాటి బొంబాయి అద్దె చట్టమునకు బదులుగా 2000 మార్చి 31 నుండి అమలునకు వచ్చిన మహారాష్ట్ర అద్దె నియంత్రణ చట్టము మనలను కాపాడుచున్నది. కాని ఆ రక్షణకు హద్దులు కలవు. తగిన కారణము లేక ఆరు నెలలు ఎడతెగక గదిని వాడకున్నచో, యజమాని స్వాధీనము కోరి దావా వేయవచ్చును.

మా చాల్‌లో మూడవ అంతస్తున ఒక పెద్దనాయన ఉండెడివారు. భార్య పోయిన పిదప గదికి తాళము వేసి, తమ్ముని కొడుకు వద్దకు ఊరికి వెళ్లిరి. ఏడాదికి తిరిగి వచ్చుసరికి తలుపునకు కోర్టు నోటీసు అంటించియున్నది. "నా సామాను లోపలనే ఉన్నది కదరా, ఇల్లు విడిచినట్లెట్లు?" అని నన్నడిగిరి. సామాను ఉండుట వేరు, మనిషి ఉండుట వేరని చెప్పుటకు నాకు నోరాడలేదు. జబ్బుపడి ఊరిలో ఉండిపోయిరని వైద్యుని చీటీలు చూపుచు, ధోబీ తలావ్‌లోని స్మాల్ కాజెస్ కోర్టు చుట్టు తిరిగితిమి. కడకు రాజీ కుదిరి గది దక్కినది గాని, మందులకై దాచుకొన్న డబ్బు వకీలు పాలైనది.

ఇక రసీదు. అది ఎవరి పేర నున్నదో ఇంటికి పోగానే పెట్టె తెరచి చూడుడు. తాతగారి పేరే నేటికిని నడచుచున్న ఇండ్లు మనలో కలవు. అద్దెదారు మరణించినచో, ఆ సమయమున ఆయనతో నివసించుచున్న కుటుంబసభ్యునకు హక్కు వచ్చును. వారిలో వారికి పొత్తు కుదరనిచో కోర్టు తేల్చవలెను. అన్నదమ్ముల తగవులో మొదట నలిగిపోవునది ముసలితల్లి. కనుక తండ్రి పోయిన వెంటనే రసీదు తల్లి పేరనే మార్పించుడు. కొడుకు పేర వ్రాయుటకు తొందర ఏల? తప్పనిసరియైనచో, బ్రదికినంతకాలము ఆ గదిలోనే ఉంచి పోషింపవలెనను షరతు పత్రములోనే వ్రాయించుడు. షరతు తప్పినవారి పేర జరిగిన బదిలీని రద్దు చేయుమని, 2007 నాటి తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ చట్టము క్రింద ట్రిబ్యునలును కోరవచ్చును. షరతు కాగితముపై లేనిచో వాదన కష్టము. మా అబ్బాయి అట్టివాడు కాడని మీరనవచ్చును. కాకుండుగాక, వ్రాత ఉన్నంతమాత్రమున వానికి వచ్చు నష్టమేమి?

మెట్లకు గట్టి చేపట్టు, వరండా చివరనున్న పాయిఖానా దారిలో రాత్రి దీపము: ఇవి చాల్‌వారందరు చందా వేసికొని నేడే చేయదగిన పనులు.

పునర్నిర్మాణము వలదని నేననను. 2017 ఆగస్టు 31న పాక్‌మోడియా వీధిలో హుసైనీ భవనము కూలి 33 మంది మరణించిరి. మన గోడలు అంతకంటె గట్టివి కావు. కాని సంతకమునకు ముందు నాలుగు మాటలడుగుడు. కట్టునంతకాలము ముసలివారు ఎక్కడ ఉందురు? అద్దె ఎవరిచ్చెదరు? క్రొత్త ఇంటి కొలత ఒప్పందములో ఉన్నదా, అది రిజిస్టరు అగునా? లిఫ్టునకు, కావలికి నెలనెలా అగు ఖర్చు ఎంత? ఈ కడపటి ప్రశ్న ఎవరును అడుగరు. పింఛనుపై బ్రదుకువానికి అదియే అన్నిటికంటె పెద్దది.

ఆదివారము ఉదయము నేను సంఘపు గదిలో ఉందును. రసీదులు తెండు, కలిసి చదివెదము. కళ్లద్దములు మరువకుడు.