లెక్కకు ముందు మాట



భిలాయి ఉక్కు కర్మాగారమున 260 మీటర్ల రైలుపట్టాలు తయారగుచున్నవి. అట్టి పట్టాను 13 మీటర్ల ముక్కలుగా కోయుటకు ఎన్ని కోతలు వలయును? బాలుడు వెంటనే భాగించి 20 అని వ్రాయును. భాగహారము సరియే, జవాబు తప్పు. ముక్కలు 20, కోతలు 19. కడపటి కోతతో రెండు ముక్కలు వచ్చును గదా!

నవోదయ విద్యాలయముల 6వ తరగతి ప్రవేశపరీక్షలో 2 గంటలకు 80 ప్రశ్నలు; అందు 20 అంకగణితము. తొందరలో పిల్లవాడు అంకెలను చూచును, అడిగినదానిని చూడడు. ఒక్క మార్కుతో సీటు చేజారవచ్చును. కావున సూత్రములు వల్లె వేయించుటకు ముందు, ప్రశ్నను ఇంటిభాషలో చెప్పించవలెను. దారము కత్తిరించి చూపవలెను. బడిలో హిందీయో ఇంగ్లీషో, ఇంట తెలుగు గల పిల్లలకిది మరింత అవసరము. పూర్వము పావులూరి మల్లన మహావీరాచార్యుని సంస్కృత గణితమును తెనిగించెను. ఆ పనియే నేడు ప్రతి యింట జరుగవలెను.