లారీ కంపెనీ ఏజెంటు చెప్పిన లెక్క, డ్రైవర్లు చెప్పిన లెక్క

(పల్నాడులోని ఒక మాదిగపల్లెలో యువకులు, వాళ్ళ ఇళ్ళవాళ్ళు కూర్చున్న సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



లారీ కంపెనీ మనిషి జీపులో వచ్చి కరపత్రాలు పంచి పోయిన కాడినుంచి మన పల్లెలో ఏ అరుగు మీద చూసినా ఒకటే మాట. పోదామా, వద్దా? పద్నాలుగు మంది పేర్లు రాయించుకున్నారు. మేము రెండు వారాలుగా గుంటూరు మిర్చి యార్డు దగ్గర, విజయవాడ ఆటోనగర్‌లో, సిమెంటు ఫ్యాక్టరీల గేట్ల ముందు బళ్ళాపుకుని ఉన్న డ్రైవర్లతో కూర్చుని మాట్లాడి వచ్చాం. వాళ్ళలో సగానికి పైగా మనవాళ్ళే. విన్నది విన్నట్టు మీ ముందు పెడతాం.

మేము పోవద్దని చెప్పడానికి రాలేదు. పోవద్దని చెప్పేవాళ్ళు ఊళ్ళో వేరే ఉన్నారు. పిల్లలు స్టీరింగు పడితే మిరపచేలో మందు కొట్టేదెవడని వాళ్ళ బాధ. బాబాసాహెబ్ 1948 నవంబరు 4న రాజ్యాంగ సభలో నిలబడి పల్లెను ఏమన్నాడో మనకు తెలుసు. 1985 జూలైలో కారంచేడులో మనవాళ్ళను నరికాక, మిగిలినవాళ్ళు ఊరు వదిలి చీరాల చేరారు తప్ప ఆ పొలాల్లోకి తలొంచుకుని పోలేదు. దొర చేను వదిలి బయట బతుకు వెతుక్కోవడం మనకు తప్పు కాదు. మన అడుగు అక్కడికి ఏ షరతు మీద పడుతోందన్నదే ఇవాళ మాట.

ఏజెంటు చెప్పింది నెలకు 34,000. చేతికి ముందే 40,000 అడ్వాన్సు. ఏసీ క్యాబిన్. లైసెన్సు లేనోడికి మూడు నెలల్లో హెవీ లైసెన్సు తామే తీయిస్తామన్నాడు. పీఎఫ్ కూడా ఉందన్నాడు.

ఆ 34,000 ఎట్లా వచ్చిందో చూడండి. కరపత్రం వెనక చిన్న అక్షరాల్లో ఉంది. నికరమైన జీతం 14,000. మిగతాది కిలోమీటరుకు 2 రూపాయలు. నెలకు 10,000 కిలోమీటర్లు తిరిగితే 20,000. రెండూ కలిపితే 34,000. లెక్క తప్పు కాదు. కానీ 25 రోజుల్లో 10,000 కిలోమీటర్లంటే రోజుకు 400. లోడు బండి ఘాట్లు, ఊళ్ళు, టోలు గేట్లు దాటుకుంటూ గంటకు 35 తిరిగితే గొప్ప. అంటే రోజూ పదకొండు గంటల పైన చక్రం మీదే ఉండాలి. లోడింగుకు, అన్‌లోడింగుకు, పట్టా కప్పి తాళ్ళు బిగించడానికి, నిద్రకు, అన్నానికి మిగిలిందే టైము. పైగా ఇప్పుడు చాలా బళ్ళలో క్లీనరు లేడు. ఆ పని కూడా డ్రైవరు నెత్తినే.

ఆగిన రోజులకు కిలోమీటరు ఉండదు. ఒక తమ్ముడు నాగపూరు మిర్చి లోడుతో పోయి, గోడౌను ముందు మూడు రోజులు ఆగాడు. పార్టీ ఖాళీ చేయించదు, కంపెనీ కదలనివ్వదు. హాల్టింగు డబ్బు పార్టీ దగ్గర కంపెనీ వసూలు చేసుకుంటుందట, డ్రైవరుకు మాత్రం ఆ మూడు రోజులూ సున్నా. ఆ నెల అతను తిరిగింది 6,200 కిలోమీటర్లు. జీతం కాగితం మాకు చూపించాడు. 14,000కు 12,400 కలిపి 26,400. అందులోంచి డీజిలు తరుగు 2,300, టైరు కింద 1,500, పీఎఫ్ 1,680, అడ్వాన్సు కంతు 3,000. చేతికొచ్చింది 17,920. ఇరవై ఆరు రోజులు రోడ్డు మీద రోజుకు 250 లెక్కన తిండికి, స్నానానికి 6,500 అయ్యింది. ఇంటికి పంపింది 11,420. ఆ అబ్బాయి పెళ్ళాం మిరపకాయ కోతకు పోతేనే ఇల్లు గడుస్తోంది.

డీజిలు తరుగంటే ఏందని అమ్మలు అడుగుతున్నారు. లీటరుకు ఇన్ని కిలోమీటర్లు రావాలని కంపెనీ ముందే గీత గీస్తుంది. ఎదురుగాలి వీచినా, ఘాటెక్కినా, ట్రాఫిక్‌లో ఇరుక్కున్నా, ఆ గీత దాటి తాగిన డీజిలు డ్రైవరు ఖాతాలో పడుతుంది. ఇంజను ముసలిదైతే ఎవరి తప్పు? ఆ మాట అడిగినోడు మరుసటి ట్రిప్పుకు ఉండడు.

ఏసీ క్యాబిన్ సంగతి. 2025 అక్టోబరు 1 తర్వాత తయారయ్యే పెద్ద లారీలకు ఏసీ పెట్టాలని ప్రభుత్వమే రూలు పెట్టింది. అది కంపెనీ దయ కాదు. రేపు మీకిచ్చే బండి ఏ సంవత్సరందో అడగండి. ఏసీ ఉన్న బండి నడిపే ఒకన్న నవ్వుతా చెప్పాడు, బండి ఆగితే ఏసీ ఆపాలట, లేకపోతే డీజిలు తరుగు!

లైసెన్సు మాట ఇంకా మోసం. హెవీకి లెర్నర్ లైసెన్సు తీయాలంటే ముందు కారు లైసెన్సు చేతికొచ్చి ఏడాది కావాలి. చట్టం అది. ఎనిమిదో తరగతి పాసవ్వాలన్న పాత నిబంధన 2019లో ఎత్తేశారు కాబట్టి చదువు లేని మన పిల్లలకు దారి తెరుచుకుంది, నిజమే. కానీ ఏడాది నిబంధన అట్లాగే ఉంది. పేరు రాయించుకున్న పద్నాలుగు మందిలో తొమ్మిది మందికి ఏ లైసెన్సూ లేదు. మూడు నెలల్లో వీళ్ళ చేతికి హెవీ లైసెన్సు ఎట్లా వస్తుంది? రాదు. ఈలోగా యార్డులో బళ్ళు కడిగించుకుంటారు, లోడెత్తిస్తారు. ఫీజులన్నీ అడ్వాన్సు బాకీలో రాస్తారు.

ఇక ఆ 40,000. ఇక్కడ పెద్దవాళ్ళు చెవి పెట్టాలి. అడ్వాన్సు తీసుకుంటే మూడేళ్ళ బాండు రాయాలి, ఖాళీ చెక్కు మీద సంతకం పెట్టాలి, లైసెన్సు ఒరిజినలు ఆఫీసులో పెట్టాలి. అన్నలారా, మన తాతలు ఉగాదికి ముందు వడ్లూ రూపాయలూ తీసుకుని ఏడాదికి పాలేరుగా కుదిరిన పద్ధతికీ దీనికీ తేడా ఏందో మాకు చెప్పండి. అప్పుడు దొర పద్దు పుస్తకం, ఇప్పుడు కంపెనీ కంప్యూటరు. బాకీ చూపించి, పని మానుకునే స్వేచ్ఛను లాగేసుకుంటే 1976 వెట్టిచాకిరి నిర్మూలన చట్టం దాన్ని వెట్టి అనే అంటుంది. ఆ బాకీ చెల్లదని కూడా అంటుంది. లైసెన్సు సంగతైతే మరీ విడ్డూరం. దారిలో బ్రేకు ఇన్‌స్పెక్టరు ఆపి అడిగితే చూపించాల్సినవాడు డ్రైవరు. దాచిపెట్టిన కంపెనీని ఎవరూ అడగరు.

ప్రమాదం మాట ఎత్తకుండా లారీ మాట పూర్తికాదు. 2024 జూలై 1 నుంచి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో నిర్లక్ష్యంతో చావు జరిగితే శిక్ష అయిదేళ్ళ దాకా పెరిగింది, పాత చట్టంలో రెండేళ్ళే. పారిపోతే పదేళ్ళన్న ఉపసెక్షను మీద 2024 జనవరిలో దేశమంతా డ్రైవర్లు బళ్ళు ఆపారు. అమలు తేదీ ఇచ్చేటప్పుడు ప్రభుత్వం దాన్ని పక్కన పెట్టింది. బళ్ళు ఆపబట్టే పక్కన పెట్టింది. ఓవర్‌లోడు జరిమానా 2019 సవరణలో 20,000, ఆపైన టన్నుకు 2,000. లోడెక్కించమన్నది మేనేజరు, దొరికేది డ్రైవరు.

మన పక్క పల్లెలో ఒక చెల్లెలు ఉంది. పేరు చెప్పం. మొగుడు రాత్రి రెండింటికి ఆగి ఉన్న ట్రాలీని గుద్ది చనిపోయాడు. కంపెనీ ఏమన్నదీ? అతను మా మనిషి కాదు, కాంట్రాక్టరు మనిషి అంది. కాంట్రాక్టరు ఫోను ఎత్తలేదు. నియామక కాగితం లేదు, జీతం చేతికిచ్చేవాళ్ళు. పనిలో చనిపోయినవాడి కుటుంబానికి నష్టపరిహారం చట్టంలో 1923 నుంచి ఉంది. బండి ఇన్సూరెన్సులో డ్రైవరు కూడా ఉంటాడు. కానీ వాడు ఆ బండి డ్రైవరేనని రుజువు చేయడానికే ఆ పిల్ల ఆఫీసుల చుట్టూ తిరుగుతోంది, చంకలో బిడ్డతో.

కులం మాట కూడా చెప్పాలి. రోడ్డుకు కులం లేదంటారు. డిపోలో ఉంది. ఇంటిపేరు అడుగుతారు, ఊళ్ళో ఏ పక్క ఇల్లని అడుగుతారు. తెలిశాక పాల ట్యాంకరు ఒకడికి, సున్నం, కోళ్ళ ఎరువు లోడు మనవాడికి. ఇది ఒక్కరు కాదు, నలుగురు వేర్వేరు చోట్ల మాకు చెప్పారు. అయినా ఆ నలుగురిలో ముగ్గురు మళ్ళీ ఊరికి రామన్నారు. ఎందుకన్నా అంటే, అక్కడ అన్నం పెట్టేవాడు ఎత్తు నుంచి చేతిలో పొయ్యడు కదా అన్నాడొకన్న. ఆ మాటను మేము తేలిగ్గా తీసెయ్యం.

కాబట్టి పోయేవాళ్ళు పోండి. ఒక్కొక్కరుగా కాదు, అయిదారుగురు కలిసి ఒకే కంపెనీకి పోండి. అడ్వాన్సు ముట్టొద్దు. పెళ్ళి ఖర్చో, ఆసుపత్రి ఖర్చో ఉంటే సంఘంలో మాట్లాడుకుందాం. ఖాళీ చెక్కు, ఒరిజినలు లైసెన్సు ఇవ్వొద్దు. నియామక పత్రం కంపెనీ పేరు మీదే అడగండి. 2025 నవంబరు 21 నుంచి అమలైన కొత్త లేబరు కోడ్ ప్రకారం అది ఇచ్చి తీరాలి. 1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టాన్ని అందులో కలిపేశారు గానీ 8 గంటల పని మాట పోలేదు. పీఎఫ్ కోత మంచిదే, మన డబ్బే. అయితే నంబరు అడిగి తీసుకుని, నిజంగా జమవుతోందా లేదా ప్రతి నెలా ఫోనులో చూడండి. నికరం 14,000 కాదు, ఆగిన రోజుకు కూడా బత్తా కావాలని అందరూ ఒక్క గొంతుతో అడగండి. డ్రైవర్లు దొరక్కనే గదా ఏజెంటు మన పల్లె దాకా వచ్చింది? బేరం ఆడే బలం ఈసారి మనకూ కొంత ఉంది.

పేర్లు రాయించుకున్న వాళ్ళలో ఇద్దరు అప్పుడే లైసెన్సులు ఇచ్చేశారు, అడ్వాన్సులో చెరి 5,000 తీసుకున్నారు. వాళ్ళ తల్లులు ఇక్కడే కూర్చున్నారు. సంఘం నిధి నుంచి ఆ 10,000 సర్దుతాం. మంగళవారం పొద్దున్నే మొదటి బస్సుకు డిపోకు పోతున్నాం. డబ్బు రసీదు తీసుకుని కట్టి, లైసెన్సులు వెనక్కి తెస్తాం. ఆ ఇద్దరితో పాటు కనీసం పదిమంది రావాలి. చార్జీలు ఎవరివి వాళ్ళే పెట్టుకోండి, అన్నం మూటలు కట్టుకోండి. సాయంత్రం దాకా పట్టొచ్చు.