సంతాన చికిత్స - పొగాకు పొగ
(సాంస్కృతికోత్సవాల మహిళా సదస్సులో చేసిన ప్రసంగ పాఠము)



కోలాటానికీ హరికథకూ నడుమ ఈ విషయమెందుకని కొందరికి తోచవచ్చును. బిడ్డలు కలగని దంపతులు మన సంఘంలోనూ ఉన్నారు. కూడబెట్టిన డబ్బుతో చికిత్సకు వెళతారు. ఇంట్లో పొగ సంగతి మాత్రం డాక్టరుగారికి చెప్పరు. ఆ దాపరికం వల్ల కలిగే నష్టం గురించి మాట్లాడాలనే ఈ పది నిమిషాలు అడిగి తీసుకున్నాము.

"మా నాయనమ్మ అడ్డపొగ తాగేది, తొమ్మండుగురిని కన్నది. సిగరెట్టు ఏం చేస్తుంది?" అని వాదించేవారున్నారు. శ్రీకాకుళం, విశాఖపట్నం ప్రాంతాల నుండి మలేసియా తోటలకు వచ్చిన ముసలమ్మలు నిప్పున్న కొసను నోటిలోపల పెట్టుకొని చుట్ట కాల్చడం మా తరంవారు ఎరిగినదే. అంగిట్లో పుండ్లు, నోటి కాన్సరు ఆ అలవాటు పంచిన ఆస్తి. వారు చిన్న వయసులోనే కాపురానికి వెళ్లినవారు. పైగా కన్నవారి లెక్కే మనం చెప్పుకుంటున్నాము. కనలేకపోయిన ఆమెను గొడ్రాలన్నారే గాని, చుట్ట మీద ఎవరికీ అనుమానం రాలేదు.

ఆడపిల్ల పుట్టేటప్పుడు అండాశయాలలో పది నుండి ఇరవై లక్షల అండాలు ఉంటాయి. ఈడేరేనాటికి మూడు, నాలుగు లక్షలు మిగులుతాయి. ఆ నిల్వను పొగ మరింత త్వరగా తరిగిస్తుంది. పొగతాగే స్త్రీలకు ముట్లుడగడం ఒకటి నుండి నాలుగేళ్లు ముందుగా వస్తుందని వైద్యుల లెక్క. ఇరవై ఏళ్ల వయసులో ఈ తరుగు తెలియదు. ముప్పై అయిదు దాటి చికిత్సకు వెళ్లినవారికి ఒక్కొక్క అండమూ బంగారమే.

1978 జులైలో ఇంగ్లండులో లూయీ బ్రౌన్, అక్టోబరులో కలకత్తాలో దుర్గ అనే పాప టెస్ట్ ట్యూబ్ పద్ధతిలో పుట్టారు. నేడు ఆ చికిత్స మన ఊళ్ల దాకా వచ్చింది. ఇంజెక్షన్లతో అనేక అండాలను ఒకేసారి ఎదిగించి, సూదితో బయటికి తీసి, వీర్యకణాలతో కలిపి, ఏర్పడిన పిండాన్ని గర్భాశయంలో ఉంచుతారు. పొగ ప్రతి మెట్టు దగ్గరా అడ్డుపడుతుంది. మందు ఎక్కువ పడుతుంది, అండాలు తక్కువ వస్తాయి, పిండం అంటుకోదు. అంటుకున్నా గర్భస్రావ భయం, ట్యూబులో గర్భం నిలిచే భయం ఎక్కువ. నికోటిన్ ఒంట్లో మారి కోటినిన్ అవుతుంది. అది అండం చుట్టూ ఉండే ద్రవంలోనే కనబడింది! గర్భం రావడానికి పొగతాగేవారికి దాదాపు రెండింతల ప్రయత్నాలు కావాలని అమెరికా పునరుత్పత్తి వైద్యుల సంఘం చెప్పింది. ఒక్కో ప్రయత్నానికి వేల రింగిట్లు పోసేచోట ఇది చిన్న మాటా?

2019 జాతీయ ఆరోగ్య సర్వే ప్రకారం మలేసియాలో పొగతాగేవారు మగవారిలో నూటికి 40 మంది, ఆడవారిలో ఒక్కరు. కనుక "మా కోడలు ముట్టదు" అని అత్తగారంటే నమ్ముతాము. మరి అబ్బాయి సంగతో? భర్త పొగ పీల్చిన స్త్రీకి కూడా చికిత్స ఫలించడం తగ్గినట్లు పరిశోధనలున్నాయి. అతని వీర్యకణాలకు కలిగే హాని వేరే. అయినా సూదులూ కోడలికే, సూటిపోటి మాటలూ కోడలికే.

అండం చివరి ఎదుగుదలకూ, వీర్యకణం తయారవడానికీ ఇంచుమించు మూడు నెలలు పడుతుంది. కాబట్టి చికిత్సకు కనీసం మూడు నెలల ముందే ఇద్దరూ మానాలి. పోయిన అండాలు తిరిగి రావు గాని, ఉన్నవాటికి ఊరట కలుగుతుంది. సిగరెట్టు మాని వేప్ పట్టుకుంటే మానినట్లు కాదు, అందులోనూ నికోటినే ఉంటుంది. నికోటిన్ పట్టీలు, చూయింగ్ గమ్ములు వాడదలిస్తే డాక్టరును అడిగే వాడాలి.

మన ఆడపిల్లలలో కొద్దిమందికి ఈ అలవాటున్నది, ఒప్పుకొందాము. పక్కన అత్తగారు కూర్చుంటే ఆ పిల్ల డాక్టరుకేమి చెప్పగలదు? పెద్దలు ఆ కాసేపు బయట బెంచీ మీద కూర్చుంటే చాలు. ఇక పొగ మానడానికి సలహా ప్రభుత్వ క్లినిక్ కెసిహాతాన్‌లలో దొరుకుతుంది. భార్యాభర్తలు కలిసే వెళ్లవచ్చును.