పండ్లు పంచి వచ్చేయడం కాదు

(వార్షిక మహాసభలో సామాజిక ఉపసంఘం తరఫున చేసిన ప్రసంగం)



పొదుపులు, అప్పులు, వాయిదాల లెక్కలన్నీ ఇప్పటిదాకా విన్నారు. మేం చెప్పబోయేదానికి లెక్కల పుస్తకంలో పద్దు లేదు. వృద్ధాశ్రమంలో పెద్దవాళ్ళ పండగ ఎలా చేశామో, మొదట ఎక్కడ తప్పు చేశామో మీతో చెప్పుకోవాలని వచ్చాం.

అక్టోబరు 1 వృద్ధుల దినోత్సవం. ఐక్యరాజ్యసమితి 1990లో ప్రకటించింది, 1991 నుంచి జరుపుతున్నారు. నిరుడు ఆ రోజున మేమూ వెళ్ళాం. అరటిపళ్ళు, రొట్టెలు, దుప్పట్లు పట్టుకెళ్ళాం. కుర్చీలు వరసగా వేయించి అందర్నీ కూర్చోబెట్టాం. మైకులో మేమే మాట్లాడాం. మా పిల్లలే డాన్సు చేశారు. ఫోటోలు దిగాం. ముందు వరసలో ఉన్న ఒక మామ్మగారు మెల్లిగా అడిగారు: "ఫోటోలు అయిపోయాయా అమ్మా? నడుం లాగేస్తోంది, ఇక వెళ్ళి పడుకోవచ్చా?"

తిరిగొస్తుంటే ఆటోలో ఎవరికీ మాట రాలేదు. పండగ వాళ్ళకోసం అని వెళ్ళాం. చేసుకున్నది మాత్రం మనం. వాళ్ళు కూర్చుని చూశారు, అంతే.

అందుకే ఈ ఏడు వారం ముందుగానే, ఉత్త చేతులతో వెళ్ళాం. ఒక్కొక్కరి పక్కన కూర్చుని, "మీకేం వచ్చు? మాకు నేర్పిస్తారా?" అని అడిగాం. "ముసలాళ్ళం, మాకేం వచ్చమ్మా" అన్నారు ముందు. కాసేపటికి ఒకామె నలుగు పాట ఎత్తుకున్నారు. ఒక తాతగారు చెక్కభజన కట్టేవాడినన్నారు. నిరుడు నడుం లాగుతోందన్న మామ్మగారు, "వామనగుంతల్లో నన్ను ఓడించినవాళ్ళు మా ఊళ్ళో లేరు" అన్నారు. ఇవన్నీ రాసుకుని, వాటితోనే పండగ కట్టాం.

ఆటలకు పెద్ద ఖర్చేం కాలేదు. వామనగుంతల పీట ఒక సభ్యురాలి అటక మీద దొరికింది. 14 గుంతలు, చింతపిక్కలు, ఇద్దరు మనుషులు ఉంటే చాలు. అష్టాచెమ్మాకి నేల మీద సుద్దముక్కతో 25 గళ్ళు గీసి నాలుగు గవ్వలిచ్చాం. వంగలేనివాళ్ళకి అట్టముక్క మీద గీసి బల్ల మీద పెట్టాం. తాతగార్లకు పులిజూదం. పిక్కలు లెక్కపెట్టడంలో మా సంఘాల పుస్తకాలు రాసే అమ్మాయిలు కూడా మామ్మలకు సరిపోలేదు.

పాటలు వాళ్ళే పాడారు, మేం వంత పాడాం. మధ్యలో చరణం మర్చిపోతే పక్కావిడ అందుకునేది. సున్నుండలు మేమే చుట్టి తెద్దామనుకున్నాం గానీ, పిండి, బెల్లం, నెయ్యి అక్కడికే తీసుకెళ్ళి వాళ్ళ ముందు పెట్టాం. "నెయ్యి చాలదు, విరిగిపోతుంది" అని మాకు చీవాట్లు పడ్డాయి. షుగరున్నవాళ్ళెవరో ముందే ఆశ్రమం ఆయమ్మని అడిగి, వాళ్ళకి కారప్పూస చేయించాం.

మధ్యాహ్నం నిద్ర లేచాక మాయాబజార్ వేశాం. 1957లో వచ్చిన సినిమా అది. అప్పుడు పదేళ్ళ పిల్ల ఇప్పుడు ఎనభైకి దగ్గరపడింది. మూడు గంటల పైన ఉంటుంది, అంతసేపు కూర్చోలేరు. సగంలో ఆపి, "మిగతాది వచ్చే ఆదివారం" అని చెప్పాం. ఆ వారమంతా "మీవాళ్ళు వస్తారా" అని అడుగుతూనే ఉన్నారని ఆయమ్మ ఫోన్ చేసి చెప్పింది. వెళ్ళాం. మాటిచ్చాక వెళ్ళకపోతే అసలు పండగ చేయకపోవడమే నయం.

ఇంకో సంగతి. మన సభ్యురాలొకామె అత్తగారు అక్కడే ఉంటున్నారు. నలుగురూ ఏమంటారోనని ఆమె నిరుడు రాలేదు. ఎందుకు పెట్టావు, ఎవరు పెట్టారు అని ఎవరూ అడగకూడదని ముందే కట్టుబాటు చేసుకున్నాం. ఈసారి వచ్చి గుమ్మం దగ్గర నిలబడింది. ఆ అత్తగారే పిలిచి పీట ముందు కూర్చోబెట్టారు. ఆట సగమయ్యాక ఆమె అంది, "ఇన్నేళ్ళు ఒకే ఇంట్లో ఉన్నాం, మీకు ఈ ఆట వచ్చని నాకు తెలీదత్తయ్యా." "నువ్వెప్పుడడిగావే?" అన్నారు ఆవిడ. ఇద్దరూ నవ్వారు, తర్వాత ఇద్దరూ కళ్ళు తుడుచుకున్నారు. ఆమె అత్తగారిని ఇంటికి తీసుకెళ్ళలేదు, వాళ్ళ ఇబ్బందులు వాళ్ళవి. కానీ ఇప్పుడు నెలకోసారి వెళ్ళి ఆ ఆట ఆడి వస్తోంది.

మీ ఊళ్ళో చేసేవాళ్ళకు మేం నేర్చుకున్న నాలుగు జాగ్రత్తలు చెబుతాం. టిఫిను, మాత్రలు అయ్యాక మొదలుపెట్టి, భోజనాల వేళకి ముగించండి. వరసలు వద్దు, గుండ్రంగా కూర్చోండి. సౌండు తగ్గించండి, చెవి సరిగా వినపడనివాళ్ళకు పెద్ద మోత ఇంకా ఇబ్బంది. మంచం దిగలేనివాళ్ళ దగ్గరికి పాటని మీరే తీసుకెళ్ళండి. "మీ పిల్లలు రారా?" అని మాత్రం అడగొద్దు. అడగకుండా ఫోటో తీయొద్దు. ఎక్కడైనా పెద్దవాళ్ళు బాధలో ఉన్నారని తెలిస్తే 14567కి ఫోన్ చేయండి, ఆ నంబరుకు డబ్బులు పడవు.

ఒక తీర్మానం మీ ముందు పెడుతున్నాం. ప్రతి గ్రామైక్య సంఘం మూడు నెలలకోసారి దగ్గరున్న ఆశ్రమానికి వెళ్ళాలి. ఆశ్రమం లేని ఊళ్ళో ఒంటరిగా ఉన్న పెద్దవాళ్ళ ఇంటికి వెళ్ళాలి. సమాఖ్య డబ్బు అక్కర్లేదు, వంతులు వేసుకుంటే చాలు. వెళ్ళేముందు, ఇవాళ రాత్రికి మన ఇంట్లో ఉన్న అత్తనో అమ్మనో అడుగుదాం, చిన్నప్పుడు ఏం ఆడేవారో.

ఒప్పుకున్నవాళ్ళు చేతులెత్తండి. సెలవు.