పూత ఉంది, కాయ ఏది?



మొన్న మన రాత్రి బడిలో ఒక అక్క అడిగింది. "టీచరమ్మా, నా గుమ్మడి పాదు నిండా పూలే. పిందెలు మాత్రం పసుపుబారి రాలిపోతున్నాయి. ఎవరి దిష్టి తగిలిందో!" అంది.

దిష్టి కాదు అక్కా. గుమ్మడికి మగ పువ్వు వేరు, ఆడ పువ్వు వేరు. మగ పువ్వులోని పుప్పొడి ఆడ పువ్వుకు చేరాలి. అప్పుడే పిందె నిలుస్తుంది. ఆ పుప్పొడిని మోసేది ఎవరు? తేనెటీగలు. అవి కూలి కూడా అడగవు.

వరికి తేనెటీగతో పని లేదు. అందుకే వరి పండించే మనకు దాని విలువ తెలియలేదు. కానీ కృష్ణ లంకల్లో వేసే దోసకు, కాకరకు, గుమ్మడికి అది కావాలి. నూజివీడు మామిడికి ఈగలూ కావాలి, తేనెటీగలూ కావాలి.

మరి ఇవి ఎందుకు తగ్గుతున్నాయి? పురుగు మందుకు మంచి పురుగు, చెడ్డ పురుగు అని తేడా తెలియదు. గట్ల మీద చెట్లు కొట్టేశాం. తేనెపట్టు కనబడితే తగలబెట్టాం.

ప్రభుత్వం ఏం చేసింది? ఎండోసల్ఫాన్ అనే విషపు మందును 2011లో సుప్రీంకోర్టు ఆపించింది. 2016లో మన రాష్ట్రంలో ప్రకృతి వ్యవసాయం మొదలయింది. రైతు సాధికార సంస్థ దాన్ని నడుపుతోంది. విషపు మందుల బదులు వేప కషాయాలు వాడమంటోంది. 2020లో కేంద్ర ప్రభుత్వం తేనెటీగల పెంపకానికి జాతీయ మిషన్ పెట్టింది. మూడేళ్లకు 500 కోట్ల రూపాయలు ఇస్తామంది.

మంచిదే. కానీ పెట్టెలోని ఈగను పెంచేవాళ్లు చూసుకుంటారు. చెట్టు తొర్రలోని ఈగను ఎవరు చూస్తారు? పక్క చేలో పొద్దున్నే మందు కొడితే రెండూ చస్తాయి. అక్కడ ప్రభుత్వం ఉండదు. మనమే ఉంటాం.

గుమ్మడి పువ్వు తెల్లవారుజామున విచ్చుకుంటుంది. ఎండెక్కితే ముడుచుకుంటుంది. మందు తప్పదనుకుంటే సాయంత్రం, ఈగలు గూటికి చేరాక కొట్టండి. మందు డబ్బాతో ఒక కాగితం ఇస్తారు. నిన్నటిదాకా దాన్ని పారేశాం. ఇప్పుడు మనకు చదువు వచ్చింది. కూడబలుక్కుని అయినా చదవండి. తేనెటీగలకు హాని అని ఉంటే పూత మీద కొట్టకండి. గట్టు మీద నాలుగు బంతి మొక్కలు వేయండి.

ఆ అక్కకు ఒక ఉపాయం చెప్పాను. పొద్దున్నే మగ పువ్వు తుంచి, రేకులు తీసేసి, ఆడ పువ్వు మధ్యలో అద్దమన్నాను. అద్దింది. మూడు పిందెలు నిలిచాయి.

ఒక్క పాదుకు ఒక అక్క చాలు. ఎకరం తోటకు ఎంతమంది అక్కలు కావాలి? ఆలోచించండి.