పాత భోషాణం వాసన

తాతల నాటి టేకు భోషాణాన్ని ముక్కవాసన వస్తోందని పాతసామాన్లవాళ్లకు ఇచ్చేస్తుంటే నాకు ప్రాణం ఉసూరుమంటుంది. ఆ వాసన వదిలించవచ్చు.

చాలామంది వెంటనే కలరా ఉండలు పడేస్తారు. దయచేసి వద్దు. ఆ ఘాటు చెక్కలోకి ఇంకితే ఏళ్ల తరబడి పోదు. చిన్నపిల్లలున్న ఇంట్లో ప్రమాదం కూడా.

అసలు కారణం బూజు. గాలిలో తేమ 70 శాతం దాటి చాన్నాళ్లు అలాగే ఉంటే అది పెరుగుతుంది. పాత సామాన్లకు పైన పాలిష్ పెడతారు కానీ లోపలి పలకలనూ, సొరుగుల అడుగునూ ఉత్త చెక్కగానే వదిలేస్తారు. వాసన పట్టేది అక్కడే.

ముక్కుకు గుడ్డ కట్టుకుని, ఆరుబయట దుమ్ము దులపండి. వెనిగర్‌లో అన్నే నీళ్లు కలిపి, గుడ్డ ముంచి గట్టిగా పిండి లోపల తుడవండి. చెక్క నానకూడదు. తర్వాత గాలాడే నీడలో రెండుమూడు రోజులు ఆరనివ్వండి. మండుటెండలో పెడితే పలకలు వంకరపోతాయి, అతుకులు విచ్చుకుంటాయి. ఆరాక లోపల గిన్నెడు వంటసోడా ఉంచి మూత వేయండి.

అప్పటికీ వదలకపోతే లోపల లక్క పాలిష్ రెండు పూతలు వేయించండి. స్పిరిట్‌లో కరిగించిన ఆ లక్క చెక్క రంధ్రాలను మూసి, వాసనను బయటికి రానివ్వదు. అది పూర్తిగా ఆరాకే బట్టలు సర్దండి. గోడకూ పెట్టెకూ మధ్య కాస్త ఎడం ఉంచండి.